ఆ గడిలో ఏం రాయాలి?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి ఫోన్ చేసి, "ముప్పై నాలుగేళ్ళు పోలీసు శాఖలో చేశావు గదా, నలుగురికీ పనికొచ్చేదేమన్నా ఓ పావుగంట చెప్పు" అన్నాడు. నిన్నంతా జ్ఞాపకాలే చెప్పుకున్నాం. కాలవలో ఈతలు, లెక్కల మాస్టారి బెత్తం, ఇంటర్వెల్లో ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలు, అన్నీ అయినయ్యి. ఇవాళ నేను చెప్పేది కొంచెం చేదు విషయం. పండగపూట ఇదెందుకనుకోకండి. ఇంతమంది తల్లిదండ్రులూ, ఇంతమంది ఉపాధ్యాయులూ మళ్ళీ ఒకచోట దొరకరు.

నేను రిటైరైన తర్వాత నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటుంది. "మావాడు కాలేజీలో గంజాయితో ఒకసారి దొరికాడు. వాడికిక గవర్నమెంటు ఉద్యోగం వస్తుందా? అమెరికా వెళ్ళగలడా?" గొంతు తగ్గించి, చుట్టూ చూసి అడుగుతారు. జవాబు తెలియక కాదు, అడగడానికి సిగ్గుపడి చాలామంది నష్టపోతున్నారు. అందుకని మైకులోనే చెబుతున్నాను.

ఈ ప్రశ్న మనకి దగ్గరగా ఎందుకొచ్చిందో చూడండి. మన జిల్లాలో నాగాయలంక మండలం గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. బందరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఉంది. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో ఆ సంస్థలో కలిసింది. గన్నవరంలో విమానాశ్రయం ఉంది. వీటిలో ఎక్కడ ఉద్యోగం వచ్చినా, కేంద్ర బలగాల్లో చేరినా, రైల్వేలో చేరినా, పోలీసు విచారణ అయ్యాకే ఉద్యోగం ఖాయమవుతుంది. రెండో వైపు చూస్తే, ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి దిగువకి దిగేది కూడా మన జాతీయ రహదారి మీదా, మన రైల్వే జంక్షన్ మీదా. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర మన పోలీసులు ఒకేసారి దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 2024 చివర్లో దీనికోసమే ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టారు. పిల్లలు చదువుకోవడానికి వెళ్ళే ఊరూ, సరుకు దాటే ఊరూ ఒకటే అయింది. ఆ ఊరు బెజవాడ.

ఇప్పుడు ఒక తప్పు చెబుతాను. అది నాదే. ఆ తండ్రి మన బడిలోనే చదివాడు. అతన్ని అడిగి, సరేనన్నాకే చెబుతున్నాను. పేరు చెప్పను.

కొన్నేళ్ళ కిందటి మాట. రాత్రి పదింటప్పుడు ఫోన్ చేశాడు. కొడుకు బెజవాడలో బీటెక్. నలుగురు కుర్రాళ్ళు కృష్ణ కరకట్ట మీద కూర్చుని ఉంటే పెట్రోలింగు వాళ్ళు పట్టుకున్నారు. జేబులో చిన్న పొట్లం. తండ్రి ఏడుస్తున్నాడు. నేను అప్పుడు వేరే జిల్లాలో ఉన్నాను. ఎంత దొరికిందని అడిగాను. గ్రాముల్లోనే. వెంటనే అన్నాను: "ఒరేయ్, కంగారు పడకు. ఇది చిన్న కేసు. కోర్టులో ఒప్పేసుకుని ఫైను కట్టేయమను. ఒక్క పూటలో అయిపోద్ది. లేకపోతే వాయిదాలకి తిరగలేక చదువు పాడైపోద్ది." వాళ్ళు అలాగే చేశారు. ఫైను కట్టారు. పిల్లవాడు మళ్ళీ ఆ జోలికి పోలేదు. నేనూ మర్చిపోయాను.

తర్వాత ఆ అబ్బాయి కష్టపడి చదివి, మూడో ప్రయత్నంలో ఒక కేంద్ర సాయుధ దళంలో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఎంపికయ్యాడు. ఊళ్ళో స్వీట్లు పంచారు. చేరేటప్పుడు ఒక ఫారం నింపమన్నారు. అటెస్టేషన్ ఫారం అంటారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, కోర్టు జరిమానా గానీ శిక్ష గానీ వేసిందా అని అందులో వరసగా గడులుంటాయి. అన్నిటికీ "లేదు" అని రాశాడు. ఆ ఫారం మన జిల్లాకి వచ్చింది. స్పెషల్ బ్రాంచి వాళ్ళు రికార్డు చూశారు. ఐదు నెలల తర్వాత, శిక్షణలో ఉండగానే తీసేశారు.

ఇంటికొచ్చాక నన్ను చూడటానికి వచ్చాడు. కోప్పడలేదు. "మావయ్యా, అయిపోయిందని నువ్వే అన్నావు గదా. అయిపోయింది కాబట్టే లేదని రాశాను" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మిత్రులారా, చట్టం అమలు చేసే శాఖలో అన్నేళ్ళు పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది కేసు ఎలా ముగుస్తుందో. ముగిసిన కేసు ఎక్కడెక్కడ మళ్ళీ లేస్తుందో ఆ రాత్రి నేను ఆలోచించలేదు. అప్పటినుంచి చదివి, లాయర్లని అడిగి తెలుసుకున్నది మీకు చెబుతాను.

మొదటిది. కోర్టులో ఒప్పుకుని ఫైను కట్టడం అంటే కేసు కొట్టేసినట్టు కాదు. నేరం రుజువైనట్టు, శిక్ష పడినట్టు. ట్రాఫిక్ చలానా లాంటిది కాదది.

రెండోది. ఏ సెక్షన్ అన్నది చాలా తేడా చేస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని మనం ఎన్‌డీపీఎస్ అంటాం. గంజాయి తాగినందుకైతే సెక్షన్ 27. ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. దగ్గర పెట్టుకున్నందుకైతే సెక్షన్ 20. అక్కడ తూకం లెక్క. కిలో వరకు చిన్న పరిమాణం, ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ళు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ వరకు. స్నేహితుడి బ్యాగు పట్టుకుని బస్సెక్కిన కుర్రాడికి ఈ లెక్క తెలియదు. బ్యాగులో ఎన్ని కిలోలుంటే వాడి కేసు అన్ని కిలోలది.

మూడోది. చట్టం అన్ని తలుపులూ మూయలేదు. అలవాటుకి బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకి చేరి, దాన్ని పూర్తి చేస్తే, సేవించిన కేసులోనూ చిన్న పరిమాణం కేసులోనూ ప్రాసిక్యూషన్ లేకుండా సెక్షన్ 64ఎ రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. సెక్షన్ 27 కేసుల్లో ప్రొబేషన్ చట్టం కింద వదిలిపెట్టమని కోర్టుని అడిగే వీలు కూడా ఉంది. ఆ రాత్రి నేను ఫైను మాట అనకుండా, "పొద్దున్నే మంచి లాయర్ని కలవండి, ఏ సెక్షన్ పెట్టారో చూడమనండి, ప్రొబేషన్ సంగతి అడగండి" అని ఉండాల్సింది. మూడు ముక్కలు. అనలేకపోయాను.

నాలుగోది మాస్టార్లు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండకముందు జరిగిన తప్పుకి లెక్క వేరు. 2015 బాలల న్యాయ చట్టంలో సెక్షన్ 24 ఉంది. పదహారు దాటినవాణ్ణి ఘోరమైన నేరంలో పెద్దవాడిగా విచారించిన సందర్భం తప్పితే, చిన్నతనంలో పడిన కేసు ఆ పిల్లవాడి భవిష్యత్తుకి అనర్హత కాకూడదని అది చెబుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడి దగ్గర ఏదో దొరికిందని, "నీ బతుకు అయిపోయిందిరా" అని మనమే తీర్పు చెప్పేస్తే చట్టం కంటే మనం కఠినులమైనట్టే.

ఇక ఆ ఫారం సంగతి. దీని మీద 2016 జులై 21న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో తీర్పిచ్చింది. అప్పటిదాకా ఒక బెంచి ఒకలా, మరో బెంచి ఇంకోలా చెబుతుంటే, ఈ తీర్పు దారి ఏర్పరిచింది. మామూలు మాటల్లో చెబుతాను. ఫారంలో రాసేది నిజమై ఉండాలి, దాచకూడదు. దాచిన కేసు మరీ చిన్నదైతే, కుర్రతనంలో జరిగినదైతే, యాజమాన్యం క్షమించవచ్చు. శిక్ష పడిన కేసు, అది చిన్నదని కొట్టిపారేయలేనిదైతే, తీసేయవచ్చు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. పూర్వాపరాలు చూసి నిర్ణయించే హక్కు వాళ్ళకుంటుంది. ఫారంలో స్పష్టంగా అడగనిదాన్ని దాచావని మాత్రం అనకూడదు.

అంతకుముందు 2011లో ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగం విషయంలో ఒక యువకుడి పక్షాన ఇదే కోర్టు మాట్లాడింది. అది కొట్లాట కేసు. రాజీతో కొట్టేశారు. ఇరవై ఏళ్ళ వయసులో చేసిన పొరపాటుకి జీవితాంతం ముద్ర వేయకూడదన్నది దాని సారాంశం. కోర్టు మనసు కఠినం కాదు. కానీ దాచినవాడు కోర్టు దయకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఆ లోపు పక్కవాడు ప్రమోషన్ తీసుకుంటాడు.

మన బడి కుర్రాడే ఇంకొకడున్నాడు. అతని మీదా గంజాయి కేసే. అతను పోట్లాడాడు, కోర్టు విచారించి నిర్దోషి అని వదిలేసింది. రక్షణ రంగంలో ఒక ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "కేసు కొట్టేశారు గదా మావయ్యా, లేదని రాయొచ్చా?" అన్నాడు. ఈసారి నేను తొందరపడలేదు. "కేసు నడిచిందా అని అడుగుతున్నారు. నడిచింది. కాబట్టి ఉందని రాయి. క్రైమ్ నంబరు, సెక్షన్, తీర్పు తేదీ రాయి. తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచెయ్యి" అన్నాను. వాళ్ళమ్మ నన్ను శత్రువుని చూసినట్టు చూసింది. ఏడాది పైన ఏ కబురూ లేదు. వివరణ అడిగారు, ఇచ్చాడు. మళ్ళీ మౌనం. ఆ ఏడాది నేను వాళ్ళ వీధిలో నడవటం మానేశాను. చివరికి ఆర్డరు వచ్చింది. ఇవాళ అతను ఉద్యోగంలో ఉన్నాడు.

ఇదంతా విని, నిజం రాస్తే ఉద్యోగం గ్యారంటీ అనుకోకండి. కిలోల లెక్కన రవాణాలో దొరికి శిక్షపడ్డ కుర్రాడొకడు నిజమే రాశాడు, అయినా రాలేదు. అమ్మినవాడికీ, మోసినవాడికీ, భద్రతతో ముడిపడ్డ ఉద్యోగాల తలుపులు దాదాపు మూసుకున్నట్టే. ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పాలి. నిజం రాసినవాడికి ఒక అవకాశం మిగులుతుంది. అబద్ధం రాసినవాడు, అసలు తప్పు ఎంత చిన్నదైనా, ఇంకో పెద్ద తప్పు తన చేత్తో తనే రాసి సంతకం పెట్టినట్టు.

ఇంకో మాట. ఒకప్పుడు పామర్రులో కేసు పాలకొల్లు వాళ్ళకి తెలిసేది కాదు. ఇప్పుడు పోలీసు స్టేషన్లన్నీ కంప్యూటర్లో కలిశాయి. ఎఫ్ఐఆర్ ఎక్కడ నమోదైనా వెతికితే దొరుకుతుంది. "ఎవరికి తెలుస్తుందిలే" అనే రోజులు పోయాయి. పాస్‌పోర్టు కూడా అంతే. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తెచ్చుకునే దారి ఉంది. ఆ దారిలో పోవాలి గానీ, కేసు లేదని రాయకూడదు.

ఇప్పుడు అమెరికా సంగతి. ఇక్కడ సగం మంది పిల్లలు అక్కడే ఉన్నారు కాబట్టి చెప్పాలి. వర్జీనియాలో ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకతను మొన్న వచ్చి నాకు విడమరిచి చెప్పాడు. అక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్ అని ఒకటుంటుంది. రహస్య సమాచారం చూడాలంటే అది కావాలి. సాధారణంగా పౌరసత్వం వచ్చినవాళ్ళకే ఇస్తారు. దానికి నింపే ఫారం పేరు ఎస్ఎఫ్ 86.

మన ఫారానికీ దానికీ పెద్ద తేడా ఉంది. మన ఫారం కేసు గురించి అడుగుతుంది. ఆ ఫారం వాడకం గురించే అడుగుతుంది. పట్టుబడ్డావా లేదా అన్నది తర్వాత, గత ఏడేళ్ళలో వాడావా అని ముందు అడుగుతుంది. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2012లోనే గంజాయికి ఓటు వేసి అనుమతిచ్చారు. తర్వాత ఇంకా చాలా రాష్ట్రాలు ఇచ్చాయి. కానీ క్లియరెన్స్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, అంటే ఫెడరల్ ప్రభుత్వం. "మా రాష్ట్రంలో షాపులోనే అమ్ముతారు గదా" అంటే ఆ ఫారం దగ్గర చెల్లదు.

అయితే అక్కడా పాత వాడకం ఒక్కటే మనిషిని తోసేయదు. 2021 డిసెంబరులో వాళ్ళ జాతీయ ఇంటెలిజెన్స్ అధిపతి ఇచ్చిన సూచన ప్రకారం, గతంలో సరదాకి గంజాయి వాడటం లెక్కలోకి తీసుకోవలసిన విషయమే గానీ అదొక్కటే తేల్చేది కాదు. ఎప్పుడు వాడాడు, ఎన్నిసార్లు, మానేసి ఎంతకాలమైంది, ఆ స్నేహాలు వదిలాడా, ఇక వాడనని రాసిస్తాడా, ఇవన్నీ చూస్తారు. మొత్తం మనిషిని చూస్తామంటారు. ఇప్పటికీ వాడుతున్నవాడికి మాత్రం ఇవ్వరు. అబద్ధం రాస్తే అది విడిగా ఫెడరల్ నేరం, ఐదేళ్ళ వరకు జైలు.

క్లియరెన్స్ దాకా వెళ్ళనివాళ్ళకి కూడా వీసా దగ్గరే ప్రశ్న ఎదురవుతుంది. మనవాళ్ళు నింపే డీఎస్ 160 ఫారంలో మాదకద్రవ్యాలకి బానిసవా, ఆ చట్టాలు ఎప్పుడైనా ఉల్లంఘించావా అని అడుగుతారు. పౌరసత్వం దగ్గర కూడా, రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ఒప్పుకోని గంజాయి వాడకం సత్ప్రవర్తన లెక్కలో అడ్డు రావచ్చని 2019లో వాళ్ళ ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. అక్కడ చదువుకునే పిల్లలకి ఈ ముక్క ఫోన్లో చెప్పండి. తిన్నావా, పడుకున్నావా అని అడిగిన తర్వాత చెప్పండి. అప్పటికే ఏదన్నా జరిగి ఉంటే, ఏ ఫారమూ నింపకముందే అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ని కలవమనండి. వాట్సాప్ గ్రూపులో సలహా అడగొద్దనండి. నాలాంటివాడు అందులోనూ ఒకడుంటాడు, "అయిపోద్దిలే" అనేవాడు.

మన దగ్గర ఫారం కేసుల గురించే అడుగుతుంది గదా, దొరక్కపోతే పర్వాలేదా అని ఎవరికైనా అనిపించవచ్చు. విమానాలు నడిపేవాళ్ళకీ, విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్ళకీ మన దేశంలోనే 2022 నుంచి మాదకద్రవ్యాల పరీక్షలు మొదలయ్యాయి. ఒంట్లో ఉన్నదాన్ని ఏ గడిలోనూ దాచలేం.

చివరగా మనందరికీ సంబంధించిన మాట.

ఆ అటెస్టేషన్ ఫారంలో కింద ఒకచోట, మీ ప్రవర్తన గురించి చెప్పగల ఇద్దరు బాధ్యతగల వ్యక్తుల పేర్లు రాయమంటారు. మన ఊళ్ళ పిల్లలు అక్కడ ఎవరి పేర్లు రాస్తారో తెలుసా? మాస్టార్లవి. మన సంఘంలో పెద్దలవి. స్పెషల్ బ్రాంచి కానిస్టేబులు సైకిలు మోటారేసుకుని వచ్చి అడిగేది మిమ్మల్నే. నేను కూడా కుర్రతనంలో అలా తిరిగి అడిగినవాణ్ణే. చాలామంది గుమ్మంలోనే "మంచి కుర్రాడండీ" అని ఒక్క ముక్క చెప్పి పంపేవారు. ఒక మాస్టారు మాత్రం నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "పదోక్లాసులో ఒక తప్పు చేశాడు. నేనే పట్టుకున్నాను. తర్వాత వాడు మారడం కూడా నేనే చూశాను. రాసుకోండి" అన్నారు. నా సర్వీసులో నేను రాసిన రిపోర్టుల్లో నాకు గుర్తున్నది అదే. ఒక పిల్లవాడు తప్పు చేసినప్పుడూ, మారినప్పుడూ పక్కనుండి చూసిన మనిషి చెప్పే మాట అది.

అందుకని మన సంఘాన్ని ఒకటి అడుగుతున్నాను. స్కాలర్‌షిప్పులిస్తున్నాం, బెంచీలు చేయించాం, నీళ్ళ ప్లాంటు పెట్టాం. ఇంకొకటి చేద్దాం. మన బడి పిల్లలకి గానీ, ఇక్కడ చదివి వెళ్ళినవాళ్ళకి గానీ ఇలాంటి కష్టమొస్తే, రాత్రి పదింటప్పుడు ఫోన్ చేయడానికి రెండు నంబర్లు సంఘం తరఫున ఉండాలి. ఒకటి మన పూర్వ విద్యార్థుల్లో లాయరుది, ఒకటి డాక్టరుది. ఇద్దరికీ ఈ మధ్యాహ్నం నేనే కాళ్ళావేళ్ళా పడతాను. ప్రభుత్వ నంబర్లు ఎలాగూ ఉన్నాయి. అలవాటు మాన్పించే సలహాకి 14446, మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి 14416, సరుకు అమ్ముతున్నారని సమాచారం ఇవ్వడానికి 1972. వాటిని బడి గోడ మీద రాయిద్దాం.

ఆ మొదటి కుర్రాడి గురించి అడుగుతారని తెలుసు. ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళయింది. బాగానే ఉన్నాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఇంట్లోనే భోంచేశాడు. యూనిఫాం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఇంకెవరికైనా ఇలా జరిగితే మావయ్యా, సరిగ్గా చెప్పు" అన్నాడు.

చెప్పాను.